రాచమ్మ ఇచ్చిన మాట

బీదర్,
ఆదివారం, 12 అక్టోబర్ 2025

ఔరాద్ కోర్టు వకీలు, చింతకి ఊరి రాచమ్మగారి పెద్దబిడ్డ, లా కాలేజీలో మూడేళ్లు నా పక్కనే కూర్చుని నా టిఫిన్ డబ్బా ఖాళీ చేసిన భాగ్యజ్యోతికి,

మంగల్‌పేట నుంచి హేబ్సిబా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ మీ ఆయనా పిల్లలూ క్షేమమని తలుస్తాను. తలుస్తాను అనే రాయాలి. నెలన్నరగా నీ నోటి నుంచి నాకు ఒక్క కబురూ లేదు. వచ్చిందల్లా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు. అందులో నన్ను ‘ఎదుటి పక్షం న్యాయవాది’ అన్నావు. చదివి కాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు.

సెప్టెంబరులో నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. ఎదుటి పక్షంతో మాట్లాడవద్దని మా సీనియర్ ఎబినేజర్ సార్ చెప్పారు, ఆ సాకు నాకు అందివచ్చింది. ఇప్పుడు నేను చేస్తుంటే నా నంబరు నీ ఫోన్‌లోకి పోవడం లేదు. నువ్వు చేసింది న్యాయమే. అందుకని కాగితం పట్టుకున్నాను. మంగళవారం మీ తమ్ముడు సిద్దు సోయా అమ్మడానికి బీదర్ వస్తున్నాడు. వాడి చేతికిస్తాను, ఇంటికి పోతూ ఔరాద్‌లో దిగి నీకిస్తాడు.

నిన్నటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పొద్దున చర్చిలో పాస్టర్‌గారు నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగం మొదలుపెట్టగానే లేచి బయటికి వచ్చేశాను. కడుపులో బాగాలేదేమోనని అమ్మ ఇంటికొచ్చి వాము నీళ్లు కాచి పెట్టింది. అవి అలాగే ఉన్నాయి. నేను చౌబారా బురుజు దాకా నడిచి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎందుకు తిరుగుతున్నానో తెలియక ఇంటికి వచ్చాను. ఈ నాలుగు పేరాలు రాసేలోపల మూడుసార్లు కుర్చీలోంచి లేచాను.

మా ఆఫీసంటే నీకు మొదటి నుంచీ వేళాకోళమే. ఎవరూ చదవని కాగితాలు రాసే కార్ఖానా అంటావు. ఒప్పుకుంటాను. ఎబినేజర్ సార్ పద్దెనిమిదేళ్లు బెంగళూరులో టెక్నాలజీ కంపెనీల లాయరుగా చేసి, అదే పని సొంతూళ్లో చేయిద్దామని ఉద్గీర్ రోడ్డు మీద ఈ అద్దాల ఆఫీసు తెరిచారు. మేం తొమ్మిదిమంది లాయర్లం. ఫోన్‌లో ఏ యాప్ పెట్టుకున్నా ముందు ఒక పొడుగాటి కాగితం వస్తుంది, జనం చూడకుండా కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కేస్తారు చూడు, ఆ కాగితాలు మేమే రాస్తాం. నాలుగేళ్లుగా నేను కోర్టు మెట్లెక్కలేదు. నా నల్లకోటు అమ్మ గోధుమ డబ్బా మీద కప్పింది. రోజంతా ఆరేసి నిమిషాలకు ఒక గడి చొప్పున ఏ క్లయింటుకు ఏం చేశామో బిల్లు కోసం నింపాలి. నిన్న సాయంత్రం నలభై నిమిషాలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను, ఆ గడులు ఖాళీగా ఉన్నాయి.

నీకు తెలిసిన సంగతే అయినా మా గదిలోంచి ఎలా కనబడిందో రాస్తాను.

జనవరిలో ఒక కంపెనీ మా దగ్గరికి వచ్చింది. రైతులకు ఫోన్‌లో పంట సలహాలు చెప్పే యాప్ వాళ్లది, పేరు చేనుదోస్త్. చదువు రానివాళ్లు నోటితో అడిగితే అది నోటితోనే జవాబు చెప్పాలి. టీవీలో మాట్లాడినట్టు మాట్లాడితే మన సరిహద్దు ఊళ్లలో ఎవరూ నమ్మరని వాళ్లకు ఎవరో చెప్పారు. అందుకని ఊళ్లకు పోయి మనుషుల మాటతీరు రికార్డు చేసుకోవాలనుకున్నారు. రికార్డుకు ముందు ప్రతి మనిషీ ఒక ఒప్పుకోలు పత్రం మీద సంతకమో వేలిముద్రో వేయాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే కంపెనీ ఆ రికార్డు చెరిపేయాలి. చట్టమూ అదే అంటుంది, మా పత్రంలోనూ అదే ఉంది. మన వైపు తెలుగు వచ్చిన లాయరు ఆఫీసులో నేనొక్కదాన్నే, కాబట్టి పత్రం పని నాకు పడింది. చింతకికి వాళ్లను నేనే తీసుకుపోయాను. తెలిసిన ఊరు, రాచమ్మ పెద్దమ్మ ఉన్న ఊరు అనుకున్నాను.

తప్పు ఎక్కడ జరిగిందో నీకు చెప్పాలి. ఇంగ్లీషు పత్రంలో ఉన్నది మనిషి మాట్లాడితే వచ్చే ధ్వని గురించి. మా దగ్గర మొదటి అనువాదం మెషీన్ చేస్తుంది, తర్వాత మేం దిద్దుతాం. ఆ మెషీన్ అక్కడ ‘మాట’ అని వేసింది. ‘నేను నా మాట ఇస్తున్న.’ నలభై పేజీల మధ్య అది నా కంటికి ఆనలేదు. పైగా దానికి మన దగ్గర సరైన పదం కూడా లేదు. స్వరం అంటే పాటగాళ్లది, కంఠం అంటే పండితులది, గొంతు ఇయ్యమంటే మన ఊళ్లో కోస్తారేమోనని భయపడతారు. ఏ వకీలైనా అక్కడ తడబడేవాడే. నా అజాగ్రత్త ఉంది, కాదనను. అంతకుమించి ఏమీ లేదు.

ఆరోజు మీ ఇంటి వసారాలో కూర్చుని పత్రం మొత్తం మీ అమ్మకు చదివి వినిపించాను. చివర్లో, మాటిస్తవా పెద్దమ్మా అని అడిగాను. ఇస్త బిడ్డా అని నా చేతిలో చెయ్యి వేసింది. కంపెనీవాళ్లు దాన్ని వీడియో తీసుకున్నారు. తర్వాత రెండు రోజులు వాళ్ల ముందు కూర్చుని వానల గురించి, పురుగుల గురించి, మీ నాన్న ఎడ్ల గురించి మాట్లాడింది. రెండువందల మందిని విన్న తర్వాత కంపెనీ ఒక్క మీ అమ్మనే ఎంచుకుంది. వింటే నమ్మకం కలిగే గొంతు అని వాళ్ల రిపోర్టులో రాశారు. జూన్ నుంచి చింతకి చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ ఫోన్‌లో పంట గురించి అడిగినా రాచమ్మ పెద్దమ్మే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. మెషీన్ కూర్చిన మాటలు, మీ అమ్మ గొంతు.

ఆగస్టులో గుండప్ప సోయా చేనుకు పురుగు పట్టింది. మీ పొలం గట్టు పక్కవాడే కదా. ఫోన్ తీసి అడిగాడు. మీ అమ్మ గొంతు మందు పేరు చెప్పి, ట్యాంకుకు ఇంత కలపమంది. కలిపి కొట్టాడు. నాలుగో రోజుకు ఆకులు మాడిపోయాయి. మెషీన్ కొలత తప్పు చెప్పింది. కంపెనీవాళ్లు వారంలో దాన్ని సరిచేసి, అందరికీ ఒక మెసేజ్ పంపి ఊరుకున్నారు. గుండప్పకు కంపెనీ ఏమిటో తెలియదు. నేరుగా మీ గుమ్మం ముందుకు వచ్చి, నువ్వే చెప్పినవ్ గద రాచమ్మక్కా, నీ మాట మీదనే కొట్టిన అన్నాడు. నేను చెప్పలేదు అని మీ అమ్మ ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. లోపలికి పోయి, పాలిచ్చే బర్రెను విప్పుకుని తీసుకుపోయి గుండప్ప కొట్టంలో కట్టేసి వచ్చింది.

దసరా పోయాక పక్క ఊరి నుంచి ఇంకో ఆమె, నీ మాట విని నష్టపోయానంటూ వచ్చిందట. ఆమెకు శనగ విత్తనాల బస్తా ఎత్తి ఇచ్చింది. ఈసారి మీరు ఏం విత్తుకుంటారని అడిగితే సిద్దు ఫోన్ పెట్టేశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మీ అమ్మ పెదవి కదపకుండానే మాట దాటిపోయింది.

మీ అమ్మ గొంతు తీసేయమని నువ్వు నోటీసు పంపావు. దానికి జవాబు రాసింది కూడా నేనే. ఒప్పుకోలు ఇచ్చిన మనిషి తానే వెనక్కి తీసుకోవాలి, ఆమె కూతురు తీసుకోవడానికి వీల్లేదు అని రాశాను. ఆ వాక్యం పక్కన ఎబినేజర్ సార్ భేష్ అని రాసి పంపారు. చట్టం ప్రకారం తప్పు లేని వాక్యమే. మీ అమ్మేమో వేలిముద్ర వేయనంటోందని నాకు తెలుసు. నువ్వు అడిగితే, మాటిచ్చిన, నీకెందుకు పో అని తిప్పి పంపేసిందని సిద్దు చెప్పాడు.

ఇప్పుడు తొందర ఎందుకో విను. గురువారం పొద్దున చేనుదోస్త్ మూడు జిల్లాల్లోకి పోతోందని నిన్ననే ఆఫీసులో తెలిసింది. బటన్ల ఫోన్లలో కూడా వినబడుతుంది. బుధవారం సాయంత్రం ఐదులోపల మీ అమ్మ వేలిముద్రతో వాపసు కాగితం వస్తే ఆమె గొంతు తీసేసి హైదరాబాదులో ఒక ఆర్టిస్టు చేత చదివించిన గొంతు పెడతారు, అది సిద్ధంగా ఉంది. రాకపోతే లక్షల ఫోన్లలోకి పోయిన గొంతును తర్వాత ఎవరూ ఏరుకు రాలేరు. చింతకి చుట్టూ పది ఊళ్లకే ఒక బర్రె, ఒక బస్తా పోయాయి. మూడు జిల్లాల వాళ్లు గుమ్మంలోకి వస్తే మీ అమ్మ ఏం విప్పి ఇస్తుంది? పొలం ఇస్తుంది. నీకూ తెలుసు, ఇచ్చేస్తుంది.

రేపు ఆఫీసుకు సెలవు పెట్టి చింతకి పోతున్నాను. క్లయింటుకు వ్యతిరేకంగా ఎదుటి పక్షం ఇంటికి పోయే లాయరును ఏమంటారో నువ్వే చెప్పాలి. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని. మిగతాది వచ్చాక రాస్తాను.

సోమవారం సాయంత్రం

పోయి వచ్చాను. వేలిముద్ర తేలేదు.

పొద్దున ఎనిమిదింటికే స్కూటర్ తీశాను. నీ కోర్టు గేటు ముందు నుంచే పోవాలి కదా, ఆగకుండా పోయాను. మీ అమ్మ వసారాలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూడగానే, హేబ్సమ్మా, చిక్కినవ్ బిడ్డా అన్నది. కోపం చూపిస్తుందేమో అనుకుని దారంతా మాటలు పేర్చుకుని పోయాను, అవన్నీ దండగయ్యాయి. చాయ్ పెట్టింది. గుండప్ప రోజూ పొద్దున ఒక చెంబు పాలు మీ గుమ్మంలో పెట్టి, ఎవరూ చూడకముందే పోతాడట. సిగ్గుతో చస్తున్నాడు పాపం, కాని బర్రెను తిరిగి తోలుకొస్తే మీ అమ్మ కట్టనివ్వదట.

సిద్దు లోపలి నుంచి వచ్చి నా ముందు ఫోన్ పెట్టాడు. జొన్నకు ఏం మందు కొట్టాలని అడిగాడు. అది చెబుతూ ఉంటే, చాట పట్టుకున్న మీ అమ్మా ఫోన్‌లోని మీ అమ్మా ఒకేచోట ఉంటే, చెయ్యి చాపి ఫోన్ ఆపేశాను. మా అమ్మ ఇంట్ల మాట్లాడ్తలేదక్కా, గీ ఫోన్లనే మాట్లాడ్తుంది అన్నాడు సిద్దు. నిజమేనట. ఈ మధ్య ఆమె నోరు విప్పడం తగ్గించేసిందట. ఏ మాటంటే ఏం మీద పడుతుందోనని భయమేమో. నా దగ్గర మాత్రం మాట్లాడింది.

కాగితం తీసి, ఇక్కడ వేలు పెట్టు పెద్దమ్మా, నీ మాట నీకు వాపస్ వస్తది అన్నాను. ఆమె చెరగడం ఆపలేదు. మాటేమన్న బజార్ల కొన్న చీరెనా బిడ్డా, నచ్చలేదని వాపస్ చేసెతందుకు అన్నది. అది ఆ మాట కాదు పెద్దమ్మా, వాళ్లు తీసుకున్నది ఉత్త చప్పుడు, నోట్లోంచి వచ్చే చప్పుడు అని విడమరచి చెప్పాను. అప్పుడు చాట కింద పెట్టి నవ్వింది. ఉత్త చప్పుడే గావాలంటె నా బర్రె తాన పట్టుకపోకపోయిన్రా, గది నాకంటె మంచిగ ఒర్రుతది అన్నది. సిద్దు కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, నేనెందుకు వచ్చానో ఒక్క నిమిషం మరిచిపోయాను.

మళ్లీ మొదలుపెట్టాను. గుండప్పకు మందు చెప్పింది నువ్వు కాదు కదా, మెషీన్ కదా అన్నాను. గొంతు నాదే గద, గాయన విన్నది నన్నే గద, నేను కాదంటె గాయన ఎవలను అడుగాలె అన్నది. ఎవరిని అడగాలన్న ప్రశ్నకు జవాబు దొరక్కుండా రాయడమే మా పని అని అప్పుడే తట్టింది. ఆ పని నేను బాగా చేస్తాను కూడా.

సరే పెద్దమ్మా, ఇచ్చిన మాట ఎట్లా వాపస్ అయితది, నువ్వే చెప్పు అని అడిగాను. ఎవల చెయ్యిల చెయ్యేసిన్నో వాళ్లే ఇడువాలె అన్నది. ప్రాణం లేచి వచ్చింది. కంపెనీ కాదు, చట్టం కాదు, నేనే. అయితే నేను విడిచేశాను, ఇప్పుడే విడిచేశాను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నిదానంగా చెప్పింది, నాకు ప్రతి ముక్కా గుర్తుంది. ఊకె ఇడుస్తె నేను తప్పినట్టే అయితది బిడ్డా, రాచమ్మ బర్రె పోంగనె మాట మార్చింది అంటరు అన్నది. నువ్వు మంచిగ అడిగినవా, దగా చేసి అడిగినవా, గదొక్కటి చెప్పు అన్నది. మంచిగ అడిగితె సచ్చేదాంక మోస్త, దగాతోని అడిగితె గది మాటే గాదు, ఇప్పుడే ముద్రేస్త అన్నది.

నేను మెషీన్ సంగతి చెప్పాను. నిన్న నీకు రాసినట్టే చెప్పాను. మిషన్ నన్ను అడగలే, నువ్వడిగినవ్ అన్నది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు. చాట ఎత్తుకుని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి, చాయ్ సల్లగైతాంది తాగు అన్నది. నన్ను అనుమానించడం లేదు ఆమె. దగా అన్న మాట ఊరికే న్యాయం కోసం అడిగింది, నా ముఖంలో దాన్ని వెతకలేదు. బిడ్డ స్నేహితురాలు, తన చేతి రొట్టె తిన్నది, మంచిగానే అడిగి ఉంటుందని నమ్ముతోంది. ఆ నమ్మకం మీదే బర్రెను విప్పింది, రేపు పొలం కూడా ఇస్తుంది. చాయ్ తాగాను, పోయొస్తానని చెప్పాను, స్కూటర్ ఎక్కాను. వచ్చేటప్పుడు నీ కోర్టు గేటు దగ్గర ఆగాను. నీ స్కూటర్ వేపచెట్టు కింద ఉంది. పావుగంట నిలబడ్డాను, లోపలికి రాలేకపోయాను.

భాగ్యా, నిన్ను పోగొట్టుకున్నందుకు నాకు చాలా బాధగా ఉంది. ఈ ముక్క చెప్పడానికి ఇన్ని పేజీలు ఎందుకు పట్టిందో తెలియదు. పరీక్షలప్పుడు మీ ఇంట్లో పడుకుంటే పొద్దున్నే మీ అమ్మ నా తల దువ్వి జడవేసేది, నీకంటే ముందు నాకు. నువ్వు దానికీ అలిగేదానివి. నువ్వు ఏం చేస్తావో చెయ్యి, బుధవారం ఐదులోపల మీ అమ్మ చేత వేలిముద్ర వేయించు. నేను ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

మీ ఆయనకు వందనాలు, పిల్లలకు ముద్దులు. మీ అమ్మకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

నీ
హేబ్సిబా

తా.క. ఇది మంగళవారం పొద్దున రాస్తున్నాను. కవరు అతికించి పడుకున్నాను, లేచి చింపాను. సిద్దు తొమ్మిదింటికి వస్తాడు, అంతలోపల ఇది రాసెయ్యాలి.

మెషీన్ ‘మాట’ అని వేయలేదు. అది ‘స్వరం’ అని వేసింది. నేను దాన్ని దిద్ది ‘ఆవాజ్’ అని రాశాను. మన దగ్గర సరైన పదం లేదని ఆదివారం నీకు రాసింది పచ్చి అబద్ధం. చింతకిలో పాలు తాగే పిల్లాణ్ని అడిగినా మనిషి గొంతును ఆవాజ్ అనే అంటాడు. ఆ పత్రం పట్టుకుని ముందు ఖటక్ చించోళి ఊరికి పోయాం. నా ఆవాజ్ ఇస్తున్న అని చదవగానే అందరికీ అర్థమైంది. అర్థమైంది కాబట్టే అడిగారు. ఎన్నొద్దులు పెట్టుకుంటరు, ఎవలకు ఇనిపిస్తరు, మేం సచ్చినంక గూడ మాట్లాడ్తదా అని అడిగారు. ముప్ఫైమందిలో పదకొండుమంది మర్నాడే వచ్చి మా ఆవాజ్ మాకియ్యమని వాపస్ తీసుకున్నారు. కంపెనీవాళ్లు ముఖం మాడ్చుకున్నారు. వాపసులు తగ్గేలా పత్రం చూడమని ఎబినేజర్ సార్ అన్నారు. ఎలాగో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆవాజ్ కొట్టేసి మాట అని రాశాను. మన ఊళ్లలో మాటిచ్చిన మనిషి వెనక్కి రాడని నాకు తెలుసు, తెలిసే రాశాను. చింతకిలో ఒక్కరూ వెనక్కి రాలేదు. ఏప్రిల్లో నాకు విడిగా గది ఇచ్చారు.

ఇంకొకటి. మీ అమ్మ చెయ్యి వేసిందని రాశాను, నిజమే. ముందు చెయ్యి చాపింది నేను. వీడియో మొదట్లోనే ఉంటుంది, చూడు.

క్లయింటు రహస్యం బయటపెట్టకూడదు కదా అంటావు. ఇది క్లయింటుది కాదు, నాది. ప్రతి పేజీ కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. జిరాక్సు ఒకటి తీసి, కవర్లో పెట్టి, పదింటికి ఎబినేజర్ సార్ బల్ల మీద పెడతాను. అసలుది నీది, ఫిర్యాదుకు జతచెయ్యి. చింతకిలో మిగతావాళ్లు వేలిముద్ర వేసిందీ ఈ పత్రం మీదే, వాళ్లకూ పనికొస్తుంది. బార్ కౌన్సిల్‌కు పంపాలనిపిస్తే పంపు, నేను అడ్డం చెప్పను.

కాని అన్నిటికంటే ముందు చింతకి పో. మీ అమ్మకు ఇదంతా చదివి వినిపించు. ఆదివారం నాటి అబద్ధం దగ్గర పేజీ తిప్పెయ్యకు, అది కూడా విననీ. హేబ్సమ్మ దగా చేసే అడిగిందని నా మాటగా చెప్పు. చదివేటప్పుడు గుండప్పను పిలిచి పక్కన కూర్చోబెట్టు. తప్పింది రాచమ్మ కాదు, హేబ్సిబా అని ఆయన చెవిన కూడా పడాలి.